ఒకే పాట, రెండు ఊళ్ళు: బ్లూస్ సంగీతమును క్రొత్తగా వినువారికి

గత సంక్రాంతికి మా చెల్లెలి కుమారుడు మా యింటికి వచ్చుచు తన గిటారును వెంట తెచ్చుకొనెను. వాడు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. భోజనములైన పిమ్మట నా పాత రికార్డుల బీరువా ముందు చతికిలబడి, “మామా, ఈ బ్లూస్ అనేది వినాలంటే యాడ మొదలుపెట్టాల? ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తా ఉండారు” అని అడిగెను. ఆ పూట వానికి నోటిమాటగా చెప్పినదానినే, మన సంఘము వారు సంచికకేదైనను వ్రాయుడని కోరుటచే, కొంచెము పొందికగా కూర్చి యిచ్చట వ్రాయుచున్నాను.

నేను సంగీతశాస్త్రము చదివినవాడను కాను. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, సరకుల రవాణా కచేరీలో ముప్పదియైదు సంవత్సరములు గుమాస్తా పని చేసి విరమించితిని. మా తాతగారు చిత్తూరు జిల్లా నుండి కోలారు బంగారు గనులకు కూలికి వచ్చి ఛాంపియన్ రీఫ్ లైన్లలో కాపురము పెట్టిరి. నా బాల్యమచ్చటనే గడచినది. 1970 ప్రాంతమున మా లైనుకు అవతల నొక ఆంగ్లో ఇండియను కుటుంబముండెడిది. ఆదివారము సాయంకాలము వారి వరండాలో గ్రామఫోను పాడుచుండగా మేము పిల్లలము కంచె బయట నిలుచుండి వినెడివారము. ఒకనాడు ఒక లావుపాటి గొంతుక, దానివెంట ఏడ్చినట్లు జారు తీగెధ్వని వినబడినవి. మాటలొక్కటియు తెలియలేదు. అయినను కాళ్ళు కదలలేదు. ఆ గాయకుని పేరు మడ్డీ వాటర్స్ అని ఆ యింటి పెద్దాయన చెప్పిరి. నేటికిని బ్లూస్‌కు నాకు తెలిసిన ద్వారమదియే.

బ్లూస్ అను మాటకు ఇంగ్లీషున దిగులు, మనోవ్యాకులత అని అర్థము. మనకు నీలము కృష్ణుని రంగు, మేఘము రంగు. వారి భాషలో అది దిగులు రంగైనది. ఈ పాట అమెరికా దక్షిణ రాష్ట్రములలోని నీగ్రో జనుల నడుమ—ఈనాటి మర్యాదను బట్టి నల్లవారనుట మేలు—పందొమ్మిదవ శతాబ్ది చివర రూపు దిద్దుకొన్నది. 1865లో బానిసత్వము చట్టరీత్యా రద్దయిన తరువాత పుట్టి పెరిగిన తరముల పాట ఇది. దీనికి ముఖ్యమైన పుట్టినిండ్లలో మిసిసిపీ డెల్టా యొకటి. డెల్టా యనగానే మనకు గోదావరీ కృష్ణలు సముద్రమున గలియు చోటు తోచును. ఇది అట్టిది కాదు. మెంఫిస్ పట్టణమునకు దక్షిణముగా విక్స్‌బర్గ్ వరకు, మిసిసిపీ యాజూ నదుల నడుమ పరచుకొన్న ఒండ్రు మైదానము. అంతయు పత్తి. 1903 ప్రాంతమున డబ్ల్యు. సి. హ్యాండీ అను బ్యాండు మేళగాడు అచ్చటి టట్‌విలర్ స్టేషనులో రైలుకై కాచుకొని యుండగా, చినిగిన బట్టలు కట్టిన ఒక నల్లవాడు గిటారు తీగెలపై కత్తిని జార్చుచు పాడుట విన్నానని తన ఆత్మకథలో వ్రాసికొనెను. అటువంటి పాటల చాయలను కాగితముపై కెక్కించి 1912లో ‘మెంఫిస్ బ్లూస్’, 1914లో ‘సెయింట్ లూయిస్ బ్లూస్’ అచ్చు వేయించి అతడు ప్రఖ్యాతుడయ్యెను. స్టేషనులో పాడినవాని పేరు మాత్రము ఎవరికిని తెలియదు.

ఆ పత్తి చేలలో నల్లవారు ఎట్లు బ్రదికిరో కొంచెము చెప్పనిదే పాట బోధపడదు. నేల దొరది, విత్తనము దొరది, కంచరగాడిద దొరది. రెక్కలు మాత్రము కాపువి. పంటలో సగము కాపునకు చెందవలెను. అయితే సంవత్సరము పొడుగున తిండిగింజలు, గుడ్డలు, కిరసనాయిలు ఎస్టేటు అంగడిలోనే అరువు తెచ్చుకొనవలెను. పంట అమ్ముడైన తరువాత లెక్క తేల్చెడివారు. చిట్టా ఆవర్జాలు వ్రాయునది దొర గుమాస్తా. దానిని చూపుమని అడుగు ధైర్యము కాపునకు లేదు, అడిగినను చదువు రాదు. చాలమందికి ఏడాది చివర చేతికి వచ్చునది ఏమియు లేకపోగా, అప్పే మిగిలి మరుసటి సంవత్సరపు పుటకెక్కెడిది. నేను జీవితమంతయు పద్దులు వ్రాసినవాడను. కలము ఎవరి చేతిలో నున్నదో వానిదే న్యాయమగుట ఎట్లో ఎరుగుదును. కావున ఆ పాటలలో వినవచ్చు దిగులు ప్రేమ విషయమైనదిగా పైకి తోచినప్పుడును, దాని వెనుక ఆ ఆవర్జా పుస్తకము తెరచియే యున్నదని నా నమ్మకము.

ఇక పాట కట్టడము. ఇది కష్టమైనది కాదు. సాధారణముగా మూడు పాదములు. మొదటి పాదమున ఒక మాట చెప్పును. రెండవ పాదమున అదే మాటను మరల చెప్పును. మూడవ పాదమున దానికి జవాబో, కారణమో, కొంటెతనమో వచ్చును. ఒక్కొక్క పాదమునకు నాలుగు కొలతలు, మొత్తము పండ్రెండు. పాదములో గొంతు సగము దూరమే పోయి ఆగును. మిగిలిన సగమున గిటారు బదులు పలుకును. క్రొత్తవారు ఇచ్చటనే పొరబడుదురు. గొంతు ఆగగానే పాట ఆగినదనుకొందురు. మరియొక విశేషము: గాంధారము, నిషాదము మొదలైన కొన్ని స్వరములను వారు నిలుకడగా పట్టరు; కొంచెము దించి, వంచి పలుకుదురు. పియానో మెట్లకు అందని ఈ స్వరములు పాశ్చాత్యులకు వింతగా తోచినవి కాని, గమకములెరిగిన మన చెవులకు అంత వింత గావు. వ్రేలికి సీసా మెడను గాని లోహపు గొట్టమును గాని తొడిగి తీగెపై జార్చి వాయించు పద్ధతి వినినప్పుడు మనవారికి గోట్టువాద్యము స్మరణకు వచ్చును. రెంటికిని చుట్టరికమున్నదని నేననుట లేదు. మనకు వినుట సులభమని మాత్రమే చెప్పుచున్నాను.

ఎక్కడ మొదలిడవలెనను ప్రశ్నకు పెద్దలు రెండు త్రోవలు చెప్పుదురు. మొదటిది చరిత్రక్రమము. 1920 ఆగస్టులో న్యూయార్కులో మేమీ స్మిత్ అను గాయని ‘క్రేజీ బ్లూస్’ పాడి రికార్డు చేసెను. నల్లవారు రికార్డులు కొనరని అంతవరకు తలచిన కంపెనీలు, అది అమ్ముడుపోయిన తీరు చూచి కన్నులు తెరచినవి. అటుపిమ్మట నల్లవారికై వేరుగా ముద్రించిన వానికి ‘రేస్ రికార్డులు’ అని పేరు పెట్టిరి. బిల్‌బోర్డు పత్రిక 1949లో తన పట్టికనుండి ఆ పేరు తీసివేసినది. ఇది తెలిసికొనదగిన చరిత్రయే. కాని వినుట కిదే మొదటి మెట్టని నేననను. నాటి యంత్రములలో పట్టిన ధ్వని నేటి చెవులకు దూరముగా, డబ్బాలోనుండి వచ్చినట్లుండును.

రెండవ త్రోవ రాబర్ట్ జాన్సన్. 1936లో శాన్ ఆంటోనియోలోను, 1937లో డల్లాసులోను ఇరువది తొమ్మిది పాటలు పాడి, 1938లో ఇరువదియేడవ యేట మరణించిన మహానుభావుడు. అతని ప్రతిభను గూర్చి వివాదము లేదు. అయితే నాలుగు త్రోవల కూడలిలో అర్ధరాత్రి సైతానుకు ఆత్మను అమ్ముకొని విద్య సంపాదించెనను కట్టుకథ అతని పేరుకు అంటుకొనియున్నది. ఆ కథ మొదట టామీ జాన్సన్ అను మరియొక గాయకుని గూర్చి చెప్పుకొన్నది. క్రొత్తవాడు కథను వినును గాని పాటను వినడు. ఒక కూలివాని బిడ్డ కష్టించి నేర్చిన విద్యకు సైతానును యజమానిగా చేయుట నాకు మొదటినుండియు నచ్చలేదు. కావున అతనిని రెండవ నెలకు ఉంచుకొనుడు.

నేను చూపు త్రోవ ఇది. ఒకే మనుష్యుడు, ఒకే పాటను, రెండు ఊళ్ళలో, ఏడు సంవత్సరముల ఎడముతో పాడిన రెండు రికార్డులున్నవి. వానిని ఒకదాని వెంట ఒకటి వినవలెను. మొత్తము పది నిమిషముల లోపలి పని.

ఆ మనుష్యుడు మెకిన్లీ మార్గన్‌ఫీల్డ్. బురదలో ఆడుకొనుచుండుటచే అతని అవ్వ ‘మడ్డీ’ యని పిలిచెననియు, ‘వాటర్స్’ తరువాత చేరినదనియు చెప్పుదురు. 1913లో పుట్టెను, తాను మాత్రము 1915 అని చెప్పుకొనెడివాడు. క్లార్క్స్‌డేల్ పట్టణము చేరువనున్న స్టోవాల్ ఎస్టేటులో అవ్వ పెంపకమున పెరిగెను. పగలు ట్రాక్టరు తోలును, శనివారము రాత్రి తన గుడిసెలో పాట కచేరీ పెట్టును, చాటుగా సారా అమ్మును. 1941 ఆగస్టులో వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయము పక్షమున అలన్ లోమాక్స్ అను తెల్లవాడు, ఫిస్క్ విశ్వవిద్యాలయమునుండి జాన్ వర్క్ అను నల్లజాతి సంగీతాచార్యుడు, కారులో రికార్డింగు యంత్రము పెట్టుకొని ఆ ప్రాంతపు పాటలు సేకరించుటకు వచ్చిరి. తెల్లవాడు తన్ను వెదకుచున్నాడని వినగానే మడ్డీ తన సారా వ్యాపారము బయటపడినదనియే తలచెను. పాటకొరకని తెలిసిన తరువాత గుడిసెలో కూర్చుండి పాడెను. రెండు పాటలు మనకు ముఖ్యము: ‘కంట్రీ బ్లూస్’, ‘ఐ బీస్ ట్రబుల్డ్’. ఈ పాట ఎవరివద్ద నేర్చితివని అడుగగా సన్ హౌస్ అను పెద్ద గాయకుని పేరు భక్తితో చెప్పెను. కొంతకాలమునకు అతనికి ఇరువది డాలర్ల చెక్కు, రికార్డు ప్రతులు రెండు వచ్చినవి. మంచి సూటు తొడిగికొని, రికార్డు చేతబట్టుకొని ఫోటో తీయించుకొనెను. ఆ ఫోటో నేటికిని చూడవచ్చును. తన గొంతు ఎట్లుండునో అంతవరకు తానెరుగడు. విన్న తరువాత ఈ విద్యతో బ్రదుకగలనని ధైర్యము కలిగినదని అతడే పలుమారులు చెప్పెను.

1943లో ట్రాక్టరు తోలుటకు గంటకు ఇరువది రెండున్నర సెంట్లు ఇచ్చుచుండగా, ఇరువదియైదు చేయుమని మేస్త్రీని అడిగెను. రెండున్నర సెంట్లు! మేస్త్రీ మండిపడెను. కొలది దినములలో మడ్డీ రైలెక్కి చికాగో చేరెను. అతడొక్కడే కాదు. 1910 నుండి 1970 వరకు సుమారు అరువది లక్షలమంది నల్లవారు దక్షిణమును వదలి ఉత్తరపు, పశ్చిమపు నగరములకు తరలిపోయిరి. డెల్టావారికి చికాగో దగ్గరి త్రోవ. ఇల్లినాయి సెంట్రల్ రైలుమార్గము తిన్నగా అచ్చటికే పోవును.

చికాగోలో అతడు కాగితపు కర్మాగారమున పనిచేసెను, లారీ తోలెను, రాత్రులు పానశాలలలో పాడెను. అచ్చటి సందడిలో గుడిసెలోని గిటారు వినబడదు. కావున విద్యుత్తు గిటారు పట్టవలసివచ్చెను. ఎందరో దీనిని ఆధునికత్వమని వర్ణింతురు. నాకు తోచినంతవరకు అది గొంతు చించుకొన్నవాడు పట్టణపు రద్దీలో బిగ్గరగా మాటలాడుట వంటిది. 1948 ఏప్రిలులో అరిస్టోక్రాట్ అను చిన్న కంపెనీకి, ఒక పెద్ద బేసు వాద్యగాడు మాత్రము తోడుగా, ఆ పాత రెండు పాటలనే పాడెను. ‘ఐ బీస్ ట్రబుల్డ్’ అనునది ‘ఐ కాంట్ బీ శాటిస్ఫైడ్’ అయినది. ‘కంట్రీ బ్లూస్’ అనునది ‘ఐ ఫీల్ లైక్ గోయింగ్ హోమ్’ అయినది. కంపెనీ భాగస్వామి లియొనార్డ్ చెస్, తాను బాల్యమున పోలెండునుండి వలస వచ్చినవాడే, ఆ పాటలో మాటలేమో తెలియక తల పట్టుకొనెనని చెప్పుదురు. రికార్డు బజారుకు వచ్చిన వారాంతమునందే ప్రతులన్నియు చెల్లిపోయినవి. ఒక్కరికి ఇన్నియేయని దుకాణదారుడు పరిమితి పెట్టగా, పాడినవాడే తన రికార్డు చాలినన్ని కొనలేకపోయెను. రెండు సంవత్సరములకు ఆ కంపెనీ చెస్ కంపెనీయని పేరు మార్చుకొని లోకప్రసిద్ధమైనది.

ఆ రెండవ పాట పేరు మరల చూడుడు. పల్లెలో పాడినప్పుడు దానికి ‘పల్లెటూరి బ్లూస్’ అని పేరు. పట్టణమున పాడినప్పుడు ‘ఇంటికి పోవలెనని యున్నది’ అని పేరు. బాణీ అదియే, జారుడు గిటారు అదియే. పల్లెలో నున్నంతకాలము ఇల్లను మాటను రికార్డుమీద వ్రాయవలసిన అవసరము కలుగలేదు. కొన్నవారు ఎవరు? అతనివలెనే రైలెక్కి వచ్చి, కబేళాలలోను ఉక్కు కర్మాగారములలోను పనిచేయుచున్నవారు. ఏ ఊరిలో ఆకలికిని అవమానమునకును తాళలేక పారిపోయి వచ్చిరో, ఆ ఊరి ధ్వని వారికి కావలసివచ్చినది.

మా అవ్వ ఛాంపియన్ రీఫులో రాగులు విసరుచు ఒక పాట పాడెడిది. అది వారి ఊరి చెరువును గూర్చినది. కరవు మూలమున వదలి వచ్చిన ఊరది. చెరువున నీళ్ళుండిన వారు గనులకు వచ్చియే యుండరు. అయినను పాటలో చెరువు ఎల్లప్పుడును నిండియే యుండెడిది. బాణీలో కొంత నాకు జ్ఞాపకమున్నది, మాటలు పోయినవి. మా లైన్లకు యంత్రము పట్టుకొని ఎవరును రాలేదు. మావారి కష్టమును బానిసల సంతతివారి కష్టముతో సమానము చేయుట నా యుద్దేశము కాదు. అట్లు చేయుట వారికి అన్యాయము. 1948 నాటి రికార్డు విన్నప్పుడెల్ల అవ్వ తిరుగలి ఎందుకు వినబడునో మాత్రము చెప్పుచున్నాను.

ఇచ్చట గుమాస్తాగా నాకొక ఫిర్యాదు కలదు. 1941 నాటి సేకరణలో జాన్ వర్క్ పాత్ర చిన్నది కాదు. స్వరములు వ్రాసి, వ్యాసము సిద్ధపరచెను. ఆ కాగితములు ఎచ్చటనో చిక్కి కనబడకుండ పోయినవి. ఆయన 1967లో మరణించెను. 1993లో లోమాక్స్ ప్రకటించిన గ్రంథమున ఆయన ప్రస్తావన అతిస్వల్పము. 2005లో గాని ఆ వ్రాతలు పుస్తకరూపమున వెలువడలేదు. ఫైలు తప్పిపోవుట చిన్న సంగతి కాదని నేను కచేరీలో చిన్నవారికి చెప్పినప్పుడు నవ్వెడివారు.

ఆ రెండు రికార్డులు నచ్చినచో, వెనుకకు నడువుడు. మొదట గురువైన సన్ హౌస్. 1930లో పారమౌంట్ కంపెనీకి పాడిన తరువాత లోకమతనిని మరచెను. 1964లో అభిమానులు వెదకి న్యూయార్కు రాష్ట్రములోని రాచెస్టరులో కనుగొనిరి. మరుసటి యేట అతడు క్రొత్తగా రికార్డులిచ్చెను. ఆ పారమౌంట్ కంపెనీ కథ నవ్వు పుట్టించును, ఏడుపును పుట్టించును. అది విస్కాన్సిన్ రాష్ట్రపు కుర్చీల కంపెనీ వారిది. వారు గ్రామఫోను పెట్టెలు చేసెడివారు. పెట్టెలు అమ్ముడగుటకు రికార్డులు కూడ చేసిరి. చవుకరకము సరుకు వాడిరి. సన్ హౌస్, చార్లీ పాటన్ వంటివారి గొంతులు అట్టి కుర్చీల వ్యాపారులచేత నిలిచినవి. కాబట్టి ఆ రికార్డులలో గరగర ఎక్కువ. ఓర్చుకొని వినవలెను.

గరగరకు ఓర్వలేనివారికి, మెత్తని పాట కోరువారికి, మిసిసిపీ జాన్ హర్ట్ తగినవాడు. మా యింటిలో మా భార్యకు నచ్చిన ఏకైక బ్లూస్ గాయకుడతడే. 1928లో ఓకె కంపెనీకి కొన్ని పాటలు పాడి, తిరిగి పొలము పనికి పోయెను. ముప్పదియైదేండ్లు ఎవరును పలుకరించలేదు. అతని పాటలలో ‘అవలాన్ బ్లూస్’ అను దానిలో తన స్వగ్రామము పేరు చెప్పుకొనియుండెను. 1963లో టామ్ హాస్కిన్స్ అను యువకుడు ఆ పేరును పాత పటములో వెదకి పట్టుకొని, మిసిసిపీలోని ఆ కుగ్రామమునకు పోయి విచారింపగా, ముసలివాడు అచ్చటనే పశువులను కాచుకొనుచుండెను. చిరునామా పాటలోనే యున్నదన్నమాట! ఆ యేడే న్యూపోర్టు ఉత్సవమున వేలాదిమంది యెదుట పాడెను, 1966లో కన్నుమూసెను. ఆ మూడు సంవత్సరముల రికార్డులు నిర్మలముగా నుండును.

ఆ తరువాత బెస్సీ స్మిత్. ఆమె గొంతు గదిని నింపును. 1923లో ‘డౌన్‌హార్టెడ్ బ్లూస్’తో మొదలై 1937లో క్లార్క్స్‌డేల్ చేరువ కారు ప్రమాదమున మరణించినంతవరకు ఆమెకు సాటి లేదు. అంతటి ఆమె సమాధికి 1970 వరకు రాయి కూడ లేదు. ఇటీవలివారిలో బి. బి. కింగ్ 1964లో చికాగోలోని రీగల్ నాటకశాలలో పాడిన కచేరీ ఒక్కటి చాలును. అందులో ప్రేక్షకుల కేకలు కూడ సంగీతమే. రాబర్ట్ జాన్సన్‌ను అప్పుడు తీయుడు. అప్పటికి సైతాను కథ మీ చెవికెక్కదు.

మడ్డీ వాటర్స్ 1983లో మరణించెను. స్టోవాల్‌లోని అతని గుడిసె దుంగలు నేడు క్లార్క్స్‌డేల్ మ్యూజియములో భద్రముగా నున్నవి. 1941, 1942 నాటి రికార్డులన్నియు 1993లో ఒక్క డిస్కుగా వెలువడినవి. నావద్ద ఆ డిస్కుండెను.

ఆ సంక్రాంతినాడు మా మేనల్లునికి మొదట దానిని, వెంటనే 1948 నాటి దానిని వినిపించితిని. వాడు గిటారు ఒడిలో పెట్టుకొని కదలక వినెను. రెండవది ముగియగానే “మళ్ళా మొదటిది పెట్టు మామా” అనెను. పెట్టితిని. రాత్రి బస్సునకు పోవుచు ఆ డిస్కును “ఒక వారం” అని తీసికొనిపోయెను. ఉగాది వచ్చి పోయినది. ఇంతవరకు తిరిగి ఇయ్యలేదు.